రెండు కట్టల బీడీల సేపు

మా అత్తమ్మ అన్నం తినడం తగ్గించిన సంగతి ఒకే ఇంట్లో ఉండి, రెండు పూటలా వండి పెడుతూ కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. కంచం ముందు కూర్చునేది, నాలుగు ముద్దలు కలిపేది. నేను పొయ్యి దగ్గరికి వెళ్లి వచ్చేసరికి చెయ్యి కడుక్కుని లేచిపోయేది. మిగిలింది కోళ్లకు పోయేది.

మాది కరీంనగర్‌కు బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఊరు. నా భర్త దుబాయిలో కట్టడాల పనికి వెళ్లి అప్పటికి ఆరేళ్లు. ఇంట్లో నేనూ అత్తమ్మా. ఆమె చిన్నప్పటినుంచీ బీడీలు చుట్టేది, పెళ్లయి వచ్చాక నాకూ నేర్పింది. పొద్దంతా చాటలు ఒళ్లో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. మధ్యమధ్య ఆమె ఒక చుట్ట వెలిగించేది. మాటలు తక్కువ మనిషి. నొప్పి అని ఎప్పుడైనా అన్నా, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "జర గట్టిగ పట్టినట్టైతుంది" అనేది, అంతే.

మా పక్క టౌన్‌లో డాక్టర్ గ్యాస్ అన్నాడు. గోళీలు వాడాం. తగ్గకపోతే గొంతులోంచి గొట్టం వేసి చూశారు. కడుపులో పుండ్లు ఉన్నాయన్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ కాదని తేలింది. ఆ మాటకు ఊపిరి పీల్చుకున్నాం. రెండు నెలలు మందులు వాడి మళ్లీ గొట్టం వేయిస్తే పుండ్లు అలాగే ఉన్నాయి. మందులు మార్చారు. అత్తమ్మ మాత్రం చిక్కిపోతూనే ఉంది. ఆమె రవికెలు రెండుసార్లు కుట్లు వేసి చిన్నవి చేశాను.

దసరా తర్వాత భైంసా నుంచి ఆడబిడ్డ వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని మణికట్టు తడిమి చూసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, మెల్లగానే అడిగింది: "వదినె, అవ్వకు అన్నం పెడ్తున్నవా?"

వాకిట్లో కూర్చున్న అత్తమ్మకు ఆ మాట వినబడిందని నాకు తెలుసు. పెడుతుంది అని ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ వారమే ఫోన్‌లో మా ఆయన, "అవ్వను జర మంచిగ చూస్కో" అన్నాడు. ఎప్పుడూ అనేవాడే, కానీ ఆ రోజు నాకు అది వేరేగా వినబడింది.

అంతకుముందే కారం తగ్గించాను, చింతపండు మానేశాను, జొన్నరవ్వతో గటక కాచి చూశాను. ఆ మాటలు విన్నాక మాత్రం నాలో ఏదో మొండితనం మొదలైంది. ఆడబిడ్డ వెళ్లిపోయిన మరునాడు మధ్యాహ్నం కంచం నిండా అన్నం పెట్టి, పప్పు పోసి, ఎదురుగా కూర్చున్నాను.

"మొత్తం తినాలె అత్తమ్మా. నువ్వు తినేదాక నేను లేవ."

ఆమె నా మొహం చూసింది. తర్వాత తల వంచుకుని, ఒక్కో ముద్దా మింగుతూ మెతుకు మిగలకుండా తింది. నాకు గెలిచినట్టనిపించింది. మళ్లీ బీడీలు చుట్టడానికి కూర్చున్న కాసేపటికి ఆమె చేతిలో ఆకు వదిలేసి గోడవైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. ఒళ్లంతా చెమట. మూలుగు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. నన్ను సాధించడానికి చేస్తోందని మొదట అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అప్పుడు భయపడ్డాను.

మర్నాడు ఆమెను కరీంనగర్ తీసుకెళ్లాను. కడుపు జబ్బులు చూసే డాక్టరమ్మ. పాత కాగితాలన్నీ నింపాదిగా చదివి, వాటిని పక్కన పెట్టి అత్తమ్మను అడిగింది.

"నొప్పి ఎప్పుడొస్తదమ్మా?"

"తిన్నంక."

"తిన్న ఎంత సేపటికి?"

"రెండు కట్టలు చుట్టేటందుకు."

డాక్టరమ్మ నావైపు చూసింది. కట్టకు ఇరవై ఐదు బీడీలని, అత్తమ్మ చేతి వేగానికి కట్ట పావుగంటలో అయిపోతుందని చెప్పాను. "అరగంట, మేడమ్."

"మళ్ల ఎప్పుడు తగ్గుతది?"

"ఇంకో ఎనిమిది కట్టలు."

"కొంచెమే తింటే?"

"రాదు. వచ్చినా తక్కువ."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆకలి అయితలేదా, లేకుంటే తిననీకి భయమైతుందా?"

అత్తమ్మ నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. "ఆకలైతది మేడమ్. మస్తు ఆకలైతది. కంచం జూస్తెనే బుగులైతది."

డాక్టరమ్మ ఫ్యాన్ ఆపమంది. అత్తమ్మను పడుకోబెట్టి, కడుపు మీద స్టెతస్కోపు పెట్టి కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. లేచాక నాకు వివరంగా చెప్పింది. తిన్న తర్వాత కడుపుకు రక్తం ఎక్కువ కావాలి. ఈమెకు అక్కడికి వెళ్లే రక్తనాళాలు సన్నబడ్డాయని అనుమానం. ఇరుకు దారిలో రక్తం పారే చప్పుడు వినిపిస్తోంది. రక్తం చాలకే నొప్పి, రక్తం చాలకే పుండ్లు మానడం లేదు. "గోళీల తప్పు లేదు. అవి పుండు కోసమే, దాని వెనకాల ఉన్నదాని కోసం కాదు" అన్నది.

రంగు మందు ఎక్కించి తీసిన స్కానింగ్‌లో అదే తేలింది. కడుపుకూ పేగులకూ వెళ్లే మూడు పెద్ద నాళాల్లో రెండు దాదాపు మూసుకుపోయాయి. పూర్తిగా మూసుకుని ఉంటే పేగు చచ్చిపోయేదని, అప్పుడు ఏమైనా చేయడానికి వ్యవధి ఉండేది కాదని చెప్పారు. ఆడబిడ్డకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. సాయంత్రానికల్లా సంచి సర్దుకుని వచ్చేసింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ అన్నారు గానీ కొయ్యడమేమీ లేదు. గజ్జల్లోంచి సన్నని తీగ పంపి, ఇరుకైన చోట జాలీలాంటి గొట్టం పెట్టారు. రెండో రోజు పెరుగన్నం పెట్టమన్నారు. అత్తమ్మ సగం తిని ఆగింది. నేనూ ఆడబిడ్డా మంచం చెరోవైపు కూర్చుని గోడ గడియారం చూస్తున్నాం. గంట గడిచింది. అత్తమ్మ నిద్రపోయింది.

ఆడబిడ్డ నాకు క్షమాపణ చెప్పలేదు. ఆ రాత్రి కింద పరిచిన చాప మీద నన్ను పడుకోబెట్టి, తాను కుర్చీలో కూర్చుంది.

ఇంటికొచ్చిన చాలా రోజులకు అత్తమ్మను అడిగాను, అన్నాళ్లూ నాకెందుకు సరిగ్గా చెప్పలేదని.

"నీ చేతి బువ్వ తింటె నొప్పొస్తుందని ఎట్ల జెప్పాలె బిడ్డా? నువ్వేమో దినం వండి పెడ్తుంటివి."

"మరి ఆ రోజు కంచం నిండ పెడితె ఎందుకు తిన్నవు?"

"నువ్వు తెల్వక పెట్టినవు. నేను తెల్సే తిన్న. నువ్వు అప్పటికే మస్తు మాటలు పడ్డవు."

నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. ఆమె ఎదుట ఏడవడం ఇష్టం లేక.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. పుండ్లు మానాయి. నాళాలు మూసుకుపోవడానికి పొగాకూ కారణమని డాక్టరమ్మ చుట్ట మానమంది; మానడానికి చాలా తిప్పలు పడింది, ఒకటి రెండుసార్లు దొంగతనంగా కాల్చి నాకు దొరికింది కూడా. రోజూ రక్తం పలుచబడే గోళీ వేసుకుంటుంది. ఒళ్లు మునుపటంత రాలేదు గానీ మొహంలో కళ వచ్చింది. ఇప్పుడు కూరలో ఉప్పు తక్కువైతే మొహం మీదే చెబుతుంది. మొన్న బెండకాయ కూర జిగురు జిగురుగా చేశానని పక్కింటామె ముందు అరగంట చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఆమె ఇంకో గరిటె వేయమని కంచం జరిపింది.