ఉమ్ ఘువైలినాలో జీరో అవర్

నాకు రాతపిచ్చి. ఎవరైనా నోరు తెరిస్తే చాలు, కుడిచేతి వేళ్ళు వాటంతట అవే కదులుతాయి. పెళ్ళికి ముందు హైదరాబాదులో శాసనమండలిలో రిపోర్టరుగా పనిచేశాను. పేపరుకు వార్తలు రాసే రిపోర్టరు కాదు. సభ మధ్యలో బల్ల దగ్గర కూర్చుని, సభ్యులన్న ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండులో పట్టుకునే రిపోర్టరు. కొన్ని నిమిషాలకొకరం మారేవాళ్ళం. బయటికొచ్చి రాసిందంతా టైపు చేసి, ఆ ప్రతిని మాట్లాడిన సభ్యుడికి పంపేవాళ్ళం. ఆయన దిద్ది పంపాకే అచ్చుకు వెళ్ళేది. దిద్దడమంటే మేం విన్నదాంట్లో తప్పులు దిద్దడమే. అన్న మాటను అనలేదని మార్చుకుంటానంటే కుదరదు. ఆ నియమమంటే నాకు ప్రాణం.

ఎనభై అయిదులో మండలినే ఎత్తేశారు. ఎమ్మెల్యేలు ఎన్నుకున్నవాళ్ళు, స్థానిక సంస్థలవాళ్ళు, పట్టభద్రులు పంపినవాళ్ళు, టీచర్లు పంపినవాళ్ళు, గవర్నరు నామినేట్ చేసినవాళ్ళు, అంతా కలిపి తొంభై మంది పెద్దలు ఇళ్ళకు వెళ్ళిపోయారు. నన్ను తీసుకెళ్ళి ఇంకో శాఖలో ఫైళ్ళ మధ్య పడేశారు. నేను చేసిన తప్పేంటో ఎవరూ చెప్పలేదు. ఆ కోపం ఇప్పటికీ ఉంది. తర్వాత పెళ్ళి, పాప, ఆయనకు దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం, అక్కడి ఉమ్ ఘువైలినా పేటలో రెండు గదుల ఫ్లాటు. తొంభైల మధ్య సంగతి ఇదంతా.

ఒకరోజు మా అమ్మాయి అన్నం తింటూ, "అమ్మా, ఆంధ్రప్రదేశ్‌కి ఎమీర్ ఎవరు?" అని అడిగింది. ఆయన పగలబడి నవ్వారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. శాసనమండలి ఉప్పు తిన్నదాని కూతురికి తన రాష్ట్రానికి ఇక్కడిలా ఎమీర్ అనే రాజు ఉండడని తెలియదా? ఆ శుక్రవారమే మా హాల్లో అసెంబ్లీ పెట్టాను.

శుక్రవారాలు ఎలాగూ ఏడెనిమిది తెలుగు కుటుంబాలు మా ఇంట్లో కలిసేవి. సోఫాలు అధికార పక్షం, భోజనాల బల్ల కుర్చీలు ప్రతిపక్షం. కింది అంతస్తులో ఉండే స్కూలు మాస్టారు స్పీకరు. ఎవరి సొంతూరు ఏ నియోజకవర్గంలో ఉంటే వాళ్ళు దానికి సభ్యులు. రెండు వందల తొంభై నాలుగు మంది ఉండాల్సిన సభలో మేం పాతికమందిమి కూడా లేం. గవర్నరు నామినేట్ చేసే ఆంగ్లో ఇండియన్ సభ్యుడి కుర్చీలో పిల్లలు ఎలుగుబంటి బొమ్మను కూర్చోబెట్టారు. ఆఫీసులు డేరాల్లో నడిచిన కర్నూలు రోజుల ఆంధ్ర సభ, ఇటు హైదరాబాదు రాష్ట్రపు సభ, యాభై ఆరులో రెండూ ఎలా ఒకటయ్యాయో చెప్పాను. ప్రశ్నోత్తరాల గంట, అది కాగానే ముందుగా నోటీసు లేకుండా ఊరి బాధ చెప్పుకునే జీరో అవర్, మాట జారితే స్పీకరు రికార్డు నుంచి తొలగించడం, అన్నీ నేర్పాను. పిల్లలకోసం మొదలుపెట్టిన ఆట రెండు వారాల్లో పెద్దవాళ్ళ చేతుల్లోకి పోయింది. నేను మాత్రం ఓ మూల కూర్చుని, పాత అలవాటు ప్రకారం అక్షరం వదలకుండా రాసుకునేదాన్ని. అంత సుఖం ఆ ఎడారిలో నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మావారి కంపెనీలోనే పనిచేసే కూలీలు కొందరు శుక్రవారాలు ఉత్తరాలు రాయించుకోవడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళ క్యాంపు ఊరికి దూరంగా అల్ ఖోర్ దగ్గర, పని రాస్ లఫాన్ సైటులో. వాళ్ళలో ఒకతను ఇనపచువ్వలు కట్టే పనివాడు, కరీంనగర్ జిల్లావాడు, నెమ్మదస్తుడు. మూడు వారాలు గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. నాలుగో వారం మాస్టారు, "గౌరవ సభ్యులు లోపలికి వచ్చి కూర్చోవాలి" అంటే, నవ్వుతూ వచ్చి ప్రతిపక్షం కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు జీరో అవర్‌లో లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా, మా క్యాంపుల తాగే నీళ్ళు తుప్పు వాసనొస్తున్నయి. ట్యాంకి కడిగి ఎన్ని నెలలైందో ఎవ్వలకెర్క లేదు. పద్నాలుగో రూముల ఇద్దరు కడుపునొప్పితోని లేస్తలేరు. డాక్టరు కాడికి తీస్కపో అంటె క్యాంప్ బాసు మాఫీ, లేదు పో అంటున్నడు. వాళ్ళకు ఏమన్నయితే ఎవ్వల్ని అడగాలె అధ్యక్షా?"

ఆ రోజు మంత్రి వేషం మావారిది. అదే కంపెనీ ఇంజనీరాయె. ఏమంటారోనని అందరూ ఆయనవైపు చూశారు. ఆయన లేచి, గొంతు సవరించుకుని, "విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చింది, పరిశీలిస్తాం అధ్యక్షా" అన్నారు. అచ్చం అసలు మంత్రుల్లాగే అన్నారని అందరూ నవ్వేశారు. అతనూ నవ్వాడు. నేను ఆ నవ్వుల్ని కూడా బ్రాకెట్లో రాసుకున్నాను.

వెళ్ళేముందు అతను నా దగ్గరకొచ్చి, "అమ్మా, నా పేరు రాయకున్రి" అన్నాడు.

"పేరు లేకపోతే అది రికార్డు ఎలా అవుతుందయ్యా? సభలో అన్న మాటకు సభ్యుణ్ణి ఏ కోర్టూ నిలదీయడానికి వీల్లేదు. రాజ్యాంగంలోనే ఉంది" అన్నాను. ఎంత ధీమాగా చెప్పానో. మా హాలు సభ కాదనీ, బయట ఉన్నది ఇంకో దేశమనీ నా మట్టిబుర్రకు తట్టలేదు. అతను తలూపి వెళ్ళాడు.

అక్కడితో ఆగినా బావుండేది. ఆదివారం కూర్చుని అతని ప్రసంగాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో సాపు రాశాను. పైన శాసనసభ చర్చలు అని శీర్షిక, కింద సభ్యుడి పేరు, నియోజకవర్గం. నియమం ప్రకారం దిద్దడానికి సభ్యుడికి పంపాలి కదా. కవర్లో పెట్టి, పైన అతని పేరు రాసి, మా వీధి చివర ఆగే కంపెనీ బస్సు డ్రైవరు చేతికిచ్చాను. మావారికి చెప్పలేదు. చెప్పాల్సిన విషయం అనిపించలేదు.

బుధవారం మధ్యాహ్నం రెండు దాటాక ఫోను మోగింది. సైటు నుంచి మావారు.

"క్యాంప్ బాసు మనింటికి వస్తున్నాడు. ఎవరో తెలుగువాడి పేరున చేత్తో పంపిన కాగితం దొరికిందట, చదివి చెప్పమంటున్నాడు. నేను ఇక్కణ్ణుంచి కదల్లేను, మా ఆవిడ చదువుతుంది వెళ్ళమన్నాను. ఆ మనిషిని కూడా వెంట తెస్తున్నాడు."

"ఏవండీ, అది నా రాత" అన్నాను.

అవతల ఏదో యంత్రం రొద వినిపిస్తోంది. ఆయన గొంతు తగ్గించి చెప్పారు. "కిందటి నెల పక్క కంపెనీ క్యాంపులో జనం డ్యూటీకి వెళ్ళేది లేదని కూర్చున్నారు. అందరికంటే ముందు మాట్లాడినవాణ్ణి మర్నాడే విమానం ఎక్కించారు. ఈ బాసు అప్పట్నుంచీ చీటీ కనబడితే చాలు బెదిరిపోతున్నాడు. అందులో ఉన్నది ఉన్నట్టు చదివావంటే, అతను రేపటికి ఈ దేశంలో ఉండడు." ఇంకేదో అనబోయి పెట్టేశారు. మన సంగతి అనబోయారని నాకు తెలుసు.

షార్ట్‌హ్యాండు పుస్తకాలన్నీ తీసి బియ్యం డబ్బాలో అడుగుకు తోశాను. ఎలుగుబంటిని కుర్చీలోంచి లాగి మంచం కిందకు విసిరాను. అనుమతి లేకుండా జనాన్ని పోగేసి సభలు పెడుతున్నారని ఎవరైనా అంటే? ప్రసంగాలు రాసి క్యాంపులకు పంపుతున్నారని అంటే? మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా తలుపు గొళ్ళెం చూసుకున్నాను. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చే వేళైంది. పక్కింటావిడకు ఫోను చేసి, పాపను వాళ్ళింట్లోనే ఉంచుకోమన్నాను. ఎందుకని ఆవిడ అడిగితే తలనొప్పి అన్నాను. జీవితంలో ఎవరికీ లొంగి మాట్లాడనిదాన్ని, ఖాళీ హాల్లో నిలబడి చెప్పాల్సిన అబద్ధాలు వెతుక్కున్నాను.

నాలుగింటికి బెల్లు మోగింది. క్యాంప్ బాసు మనదేశం మనిషే, ఉత్తరాదివాడు. బూట్లు విప్పి, "నమస్తే భాభీజీ" అంటూ వచ్చి కూర్చున్నాడు. అరిచే మనిషైతే నాకు కొంత ధైర్యం ఉండేదేమో. అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. వెనకాల ఆ కరీంనగర్ మనిషి. డ్యూటీ బట్టలతోనే తెచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా తుప్పు మరకలు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నావైపు చూడలేదు.

టీ ఇచ్చాను. బాసు జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, నా చేతికిచ్చాడు. నా అక్షరాలు నన్నే చూస్తున్నాయి.

"ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం అంటున్నాడు. ఇంటి ఉత్తరానికి స్టాంపు ఉండదా భాభీజీ? మీరు చదువుకున్నవారు. ఏముందో చెప్పండి" అన్నాడు హిందీలో.

ఉత్తరమని చదివితే పైన ఉన్న పెద్ద శీర్షిక ఏమిటంటాడు. అందుకని ముందు నిజమే చెప్పాను. "ఇది నాటకం అండీ. పిల్లలకు మా రాష్ట్రం అసెంబ్లీ ఎలా నడుస్తుందో నేర్పడానికి శుక్రవారాలు ఆడిస్తుంటాం. ఇతను సభ్యుడి వేషం వేశాడు. ఇది అతని డైలాగు."

"అయితే డైలాగు చదవండి."

కళ్ళు నేను రాసిన మాటల మీద నడుస్తున్నాయి, నోరు వేరే మాటలు కల్పిస్తోంది. మా ఊళ్ళో వానలు లేవనీ, గల్ఫుకు వచ్చి బతుకుతున్నామనీ, ఇక్కడ కంపెనీ గది ఇచ్చింది, భోజనం ఇచ్చిందనీ. మండలిలో మంత్రి బతిమాలినా ఒక్క ముక్క మార్చనిదాన్ని, ఆ పేజీ మొత్తం అబద్ధం చదివాను. ఎక్కడా తడబడలేదు. భయం అంత తెలివి ఇస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

అయిపోయిందనుకుని కాగితం మడుస్తుంటే బాసు చెయ్యి చాచి ఆపాడు. వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ పద్నాలుగు ఉంది కదా. అంకె నాకూ తెలుస్తుంది. పద్నాలుగు ఏంటి?"

సాపు ప్రతిలో గది నంబరు అంకెల్లో రాశాను. నియమం.

గుమ్మం దగ్గర అతను మొదటిసారి తలెత్తాడు. "పద్నాలుగో రూమువాళ్ళు" అన్నాను. బాసు ఎదురుచూస్తున్నాడు. "పద్నాలుగో రూమువాళ్ళు కూడా కంపెనీకి కృతజ్ఞతలు చెబుతున్నారు. నీళ్ళు బాగున్నాయి, ఏ కష్టమూ లేదు అని."

బాసు వెనక్కి వాలి, హాయిగా టీ తాగాడు. "చూశావా" అన్నాడు అతనితో. "నిన్నటిదాకా ఆ రూములో ఇద్దరు కడుపునొప్పి అని డ్యూటీ ఎగ్గొడుతున్నారు భాభీజీ. డాక్టరు కావాలని రోజూ గొడవ. ఆ కడుపునొప్పి నాటకమని నాకు ముందే అనుమానం." అతనివైపు తిరిగి, "ఈమె చదివింది సరిగ్గా ఉందా? నువ్వు అన్నది ఇదేనా?" అని అడిగాడు.

ఆ క్షణంలో అతను కాదంటే ఇద్దరం మునిగేవాళ్ళం. అవునంటే ఏమవుతుందో అప్పుడు నా బుర్రకు అందలేదు. అతనికి అందింది. మొహం చూస్తే తెలిసింది.

"హా సాబ్. ఇదే" అన్నాడు.

బాసు కాగితాన్ని టీపాయి మీద పరిచి, జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చాడు. "ఇదంతా అక్కర్లేదు. ఆ పద్నాలుగో రూము మాట ఒక్కటీ కింద ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టండి. ఆఫీసులో ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది." అప్పటికీ మర్యాదగానే అన్నాడు. నేను రాశాను. సంతకం కూడా పెట్టాను. బాసు చదువుకుని, జాగ్రత్తగా మడిచి, జేబులో పెట్టుకున్నాడు. బూట్లు తొడుక్కుని, టీ బావుందని చెప్పి, మెట్లు దిగాడు.

గుమ్మం దగ్గర అతనొక్కడే మిగిలాడు. నాకు ఏడుపొచ్చింది. గండం గడిచిందని వచ్చిందో, సిగ్గుతో వచ్చిందో చెప్పలేను. నిన్ను పంపించేస్తారని భయపడ్డానయ్యా, అందుకే అలా చదివాను అన్నాను.

"తెలుసమ్మా. మీరు మంచికే చేసిన్రు" అన్నాడు. చెప్పుల కోసం వంగి, మళ్ళీ తలెత్తాడు. "ఇప్పుడు రూముకు పోంగనె ఆ ఇద్దరు అడుగుతరు. డాక్టరు సంగతి ఏమైందని. నేనేం చెప్పాలమ్మా?"

కింది నుంచి యల్లా, రా త్వరగా అని బాసు కేక వినిపించింది. అతను చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.