గాజుల తాజ్‌బీ కలకండ మానిన కథ

అమరచింతలో మా వీధి మలుపున ఉన్నది గాజుల తాజ్‌బీ ఇల్లు. ఇల్లే దుకాణం, వసారాలో పరచిన చాపే గద్దె. చిన్నపిల్లల చేతులకు గాజులెక్కించడంలో ఆమెకు సాటివారు లేరు. బొటనవేలి కీలు దగ్గర గాజు బిగిసిందంటే పిల్ల ఏడుస్తుంది, చేయి లాక్కుంటుంది, గాజు పగులుతుంది. దీనికి అత్తగారు నేర్పిన ఉపాయమొకటి తాజ్‌బీ దగ్గర ఉండేది. ముందుగా పిల్ల బుగ్గన ఒక కలకండ ముక్క పెట్టేది. తీపి కరిగేలోగా గాజులు మణికట్టు చేరేవి. నా దగ్గర తెలుగు చదువుకొన్న ఆడపిల్లలలో ఆ కలకండ రుచి ఎరుగనివారు అరుదు.

కోడలు యాస్మిన్ కుట్టుమిషను ముందు కూర్చున్నంతసేపూ, మూడేండ్లు నిండని మనుమడు జీషాన్ ఈ గద్దె మీద, నానమ్మ ఒడిలోనే ఉండేవాడు. చుట్టూ గాజుల సరాలు. వాడి చేతులు కదలకుండా ఉండాలి కదా! అందుచేత వాడి బుగ్గలోనూ పొద్దస్తమానం కలకండే.

మా మనుమరాలు సింధూజకు గాజులు తొడిగించడానికి నేను వెళ్లిన రోజున లోపలినుంచి యాస్మిన్ పిల్లవాణ్ణి ఎత్తుకొని వచ్చింది.

“అమ్మీ, వీని పండ్లు చూడు. చల్లనీళ్లు తాగుమంటే మొకం తిప్పుకుంటుండు.”

పై పెదవి ఎత్తి చూపింది. ముందుపండ్ల మీద చిగురువెంట తెల్లని గీతలు, వాటి నడుమ గోధుమరంగు గుంటలు.

“పాలపండ్లే గద! ఇయ్యాల గాకుంటె రేపు ఊడుతయి. గింతదానికి పరేషానెందుకు?” అన్నది తాజ్‌బీ.

“ఊడేదాక వాడు ఏంతోని తినాలె? దినమంత కలకండ చప్పరిపిస్తివి. రేపటి సంది వాణ్ణి నీ ఒళ్లెకు పంప.”

తాజ్‌బీ చేతిలోని గాజు ఆగిపోయింది. ఆ ఒడి ఖాళీ కావడమొక్కటే ఆమె ఊహకు అందని సంగతి.

పాలపండ్లు అన్న సమాసాన్ని పాలవలె తెల్లనివని కొందరూ, పాలు తాగే ప్రాయానివని కొందరూ విడదీస్తారు. నేను రెండవ పక్షంవాణ్ణి. ఏ పక్షమైనా, త్వరగా పోయేవే గనుక వాటికి వైద్యమెందుకనే మాట అందులో లేదు. పన్నుకు బహువచనం పళ్లు అని ఎందరు అన్నా, పండ్లు అనే మా పాలమూరు పలుకే నా చెవికి ఇంపు. అది వేరే ముచ్చట.

మరునాడు కోడలితో, మనుమడితో వనపర్తి సర్కారు దవాఖానకు బయలుదేరుతూ తాజ్‌బీ మా గడపలో నిలబడింది.

“సారూ, మీరు గూడ రాండ్రి. డాక్టరమ్మ ఏమన్న అంటే జర నా దిక్కు మాట్లాడుండ్రి.”

వెళ్లాను. మాట్లాడే అవసరమే రాలేదు. పండ్ల డాక్టరు అర్చన జీషాన్‌ను తల్లి ఒళ్లో పడుకోబెట్టి, పెదవి ఎత్తి చూసింది.

“పుచ్చు నరం దాక పోలే. పీకే పని లేదు, మిషను పెట్టే పని లేదు. మందు పూస్తే పుచ్చు ఆగుతది. కాని పుచ్చిన జాగ నల్లగయితది. ఆ నలుపు పోదు, ముందే చెప్తున్న.”

యాస్మిన్ వెనకాడింది. “నల్లపండ్లు చూసి నలుగురు నవ్వరా మేడం?”

అందరికంటే ముందు నవ్వింది తాజ్‌బీ. “మా నానీ పెండ్లిల మిస్సీ పెట్టి పండ్లు నల్లగ చేసిన్రంట! గా పెండ్లికూతుర్ని చూడనీకి వాడకట్టంత వచ్చిందంట. నా మనుమనికి సర్కారోళ్లు పైస తీసుకోకుండ ముఫ్త్‌ల మిస్సీ పెడుతుండ్రు. పూయుండ్రమ్మా!”

నానీ అంటే అమ్మమ్మ; మిస్సీ అంటే వెనుకటి స్త్రీలు పండ్లకు అలంకారంగా రుద్దుకొన్న నల్లని పొడి. ఆ మాటతో యాస్మిన్ ముఖం కూడా విప్పారింది. అర్చన పండ్లు తుడిచి, ఆరబెట్టి, చిన్న కుంచెతో మందు పూసింది. పిల్లవానికి ఏడవడానికి తీరిక చిక్కలేదు.

“పెద్దమ్మా, నోట్లె ఎప్పుడూ తీపి ఉంటే ఈ మందు గూడ ఏం చెయ్యలేదు. పొద్దున, రాత్రి బియ్యపుగింజంత పేస్టుతోని మీరే తోమాలె. రాత్రి తోమినంక ఒట్టి నీళ్లే. ఆరునెలలకు మల్ల తీసుకరాండ్రి.”

“కలకండ డబ్బ ఇంట్ల ఉన్నన్ని దినాలు వాడు నీ కాడికి రాడమ్మీ,” అన్నది యాస్మిన్.

ఆ సాయంత్రమే డబ్బా ఖాళీ అయింది. అందులోకి పిన్నీసులు చేరాయి. జీషాన్ గద్దె మీదికి వచ్చాడు. అయితే ఆడపిల్లల ఏడుపులు వీధి చివరిదాకా వినిపించసాగాయి. గాజులు పగిలాయి. తాజ్‌బీ మాత్రం మళ్లీ కలకండ జోలికి పోలేదు.

ఆరునెలల తరువాత అర్చన చూసి, నల్లని చోటు గట్టిపడిందనీ, కొత్త గుంటలు లేవనీ చెప్పింది. జీషాన్ చల్లనీళ్లు గటగటా తాగుతున్నాడు.

మొన్న బతుకమ్మకు ముందు సింధూజను మళ్లీ తీసుకువెళ్లాను. గాజు కీలు దగ్గర బిగిసింది. పిల్ల కండ్లలో నీళ్లు.

“కలకండేది?”

“కలకండ లేదు బిడ్డా.” తాజ్‌బీ మనుమనివైపు తిరిగింది. “బేటా, నీ మిస్సీ పండ్లు సూపియ్!”

జీషాన్ డాక్టరమ్మలాగానే రెండు వేళ్లతో తన పెదవి ఎత్తాడు. సింధూజ ఏడుపు మరచి ముందుకు వంగింది.

“అబ్బ! నల్లగెట్లైనయిరా?”

“మందు పూసిన్రు. సూది గీది ఏం లేదు. నేను ఏడ్వలే,” అన్నాడు వాడు గొప్పగా.

“జరంత గూడ ఏడ్వలే?”

“జరంత గూడ.”

సింధూజ ఇంకా వాడి నోట్లోకే చూస్తున్నది. తాజ్‌బీ గాజులెక్కిన ఆ పిల్ల చేయి వదిలి, రెండో చేయి అందుకొన్నది.