ఊరూ పేరూ లేని గ్రేడరు, పై పోస్టు గొంతు

బోర్డరులో మా చిన్న దళం ఉండే డిటాచ్‌మెంటుకు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. సెప్టెంబరు చివరి వారం. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. మూడు రేకుల షెడ్లు, రాళ్ళతో కట్టిన ఒక బంకరు, వరసగా డీజిలు డ్రమ్ములు. ట్రక్కు దిగి కిట్ బ్యాగూ, పానాల పెట్టే కిందపెట్టేసరికే ఆయాసం వచ్చింది. కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు.

మన ఊరి అశోక్ చౌక్‌లో చాయ్ తాగుతూ మీరు అడుగుతుంటారు, బోర్డరులో ఎంతమందిని కాల్చావని. ఒక్కణ్ణి కూడా కాల్చలేదు. ఆ పోస్టింగు మొత్తం నా తుపాకీ గోడకు వేలాడింది. నేను బండ్లు బాగుచేసే హవల్దారును. అక్కడ నేను కుస్తీ పట్టింది ఒక ముసలి మోటార్ గ్రేడరుతో. నవ్వొస్తే చివర్లో నవ్వండి.

గ్రేడరంటే రోడ్డు చదును చేసే బండి. ఆరు చక్రాలు, పొడవాటి ముక్కు, పొట్ట కింద అడ్డంగా పెద్ద ఇనుప బ్లేడు. వడ్రంగి చెక్కను చిత్రిక పట్టినట్టు అది రోడ్డును పడుతుంది. రాళ్ళనూ మంచునూ పక్కకు తోస్తుంది. మా షెడ్ల నుంచి పై పోస్టుకు పందొమ్మిది కిలోమీటర్ల మట్టిరోడ్డు. చలికాలం మూసుకుపోయేదాకా దాన్ని తెరిచి ఉంచడమే మా పని. ఆ పని చేసే డోజరు పాడై కిందికి పోయింది. మిగిలింది ఈ ముసలిది.

మా సుబేదారు సాబ్ రాజస్థాన్ మనిషి. హిందీలో ఆయనన్నది ఇది: "హవల్దార్, ఈ ముసలోడి ఊరూ పేరూ కనుక్కో. నడిచేదైతే నడిపించు. కాదంటే తుక్కని రాసిచ్చెయ్."

ఊరూ పేరూ ఎక్కడివి? కంపెనీ ప్లేటు ఎవడో ఎప్పుడో పీకేశాడు. రంగు గీకితే పచ్చ కింద పసుపు, పసుపు కింద మళ్ళీ పచ్చ. ఫ్రేము మీద గుద్దిన నంబరు దొరకడానికి పూటంతా పట్టింది. కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అంకెలు తీశాను. నంబరును బట్టి తయారుచేసిన కంపెనీ తెలిసింది. ఆ బండి నాకంటే పెద్దది. సంబరంగా డిపోకు కబురు పెట్టి డీజిల్ ఫిల్టరు తెప్పించాను. బిగిద్దామంటే కూర్చోదు. గుంత ఒక కొలత, ఫిల్టరు ఇంకో కొలత.

గ్రేడరు ఆపరేటరు సిరిసిల్ల పిల్లవాడు. ఇంట్లో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే సంసారం. మా ఇద్దరికీ తెలుగులో తిట్టుకునే భాగ్యం ఉండేది. వాడు ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగి నవ్వాడు.

"అన్నా, గిది ఒక్క బండి కాదే. ముంగట ఒకనిది, ఎనుక ఇంకొకనిది. మా సాంచాలు గింతే గదా. మూడు సచ్చిన సాంచాలు కలిపి ఒకటి నడుపుతం."

నాకు సిగ్గేసింది. మన ఊళ్ళో కుంఠా నాకాలో మా నాయిన సాంచాలు బాగుచేసే జాబరు. ఆయన చేతి కింద పెరిగినవాణ్ణి నేను. "ప్లేటు జూసి సాంచను నమ్మకురా, బోల్టు జూసి నమ్ము" అని ఆయన రోజూ అనే మాటే. అప్పుడు మొదలుపెట్టాం మళ్ళీ. ఒక్కొక్క బోల్టూ కొలిచాం. ముందు భాగానికి తెల్ల చుక్క, వెనక భాగానికి ఎర్ర చుక్క. ఫ్రేము ఒక కంపెనీది, ఇంజను ఇంకో కంపెనీది. ఎడమవైపు వెనక చక్రాలను తిప్పే గొలుసు మాత్రం ఎవరిదో ఈ రోజుకీ తెలియదు. దాంట్లో ఒక లింకు అరిగి వదులైంది. కొత్త లింకు కావాలని రాశాను. సుబేదారు సాబ్ సంతకం పెట్టాడు, పైన ఆఫీసరూ పెట్టాడు. డిపో మాత్రం "ఏ మోడలుకు?" అని తిప్పి పంపింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

ఆ గొలుసు ఎక్కువ కాలం ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆపరేటరుకు నేనే చెప్పాను. "తమ్మీ, గొలుసు టక్కుటక్కుమంటే జర్ర గూడ ఆగకు. ఇంజన్ బంద్ జెయ్యి. తెగిందంటే లోయల పడతం."

"సాంచ మీద పోగు తెగితె ఆపనీకి చెయ్యి ఎట్ల పోతదో గట్లనే పోతదన్నా. నువ్వు చెప్పాల్నా?"

అక్టోబరులో ఇంటి నుంచి పార్సిలు వచ్చింది. కడక్ జొన్నరొట్టెలు, శేంగా, అంటే పల్లీల చట్నీ, ఎర్రంచు కొత్త చద్దరు ఒకటి. రొట్టెలు బంకరంతా పంచుకున్నాం. పార్సిలు అట్టను నూనెలో నానబెట్టి, కోసి, ఫిల్టరు కింద వాషరులా పెట్టాను. డీజిలు కారడం ఆగింది. ఇంజను నడుస్తున్నంతసేపూ బాగుండేది. ఆపితే మాత్రం ఆ సందులోంచి గాలి లోపలికి పోయి, మళ్ళీ స్టార్టు చేయాలంటే తలప్రాణం తోకకు వచ్చేది. చద్దరు కప్పుకోవాల్సింది నేను, కప్పుకున్నది ఇంజను. బానెట్ మీద పరిచి తాడుతో కట్టేవాణ్ణి, చలికి బిగుసుకోకుండా.

రోజూ ఉదయం ఆరింటికి పై పోస్టు వైర్‌లెస్‌లో పలికేది. అవతల మాట్లాడే కుర్రవాణ్ణి మాలో ఎవరం చూడలేదు. గొంతును బట్టి ఒడిశా వాడనుకున్నాం. అతన్ని మేం పిలిచింది "పై పోస్టు" అనే.

"కింది పోస్టు, మీ ముసలోడు లేచాడా?"

"లేచాడు. దగ్గుతున్నాడు."

"రోడ్డు వేయించండి. నాకు డిసెంబరులో సెలవుంది. నడిచి దిగను."

మాటలు అయ్యాక అతను సెట్టు మీటను రెండుసార్లు నొక్కేవాడు. మాకు టిక్, టిక్ అని వినబడేది. విన్నాను, ఉన్నాను అని దాని అర్థం. బ్యాటరీ మిగుల్చుకోవడానికి అలా అలవాటు చేసుకున్నాడు. మా ఆపరేటరు నిద్రలేవగానే "టిక్‌టిక్ అచ్చిందా?" అనడిగేవాడు.

ఆ ఏడు మంచు ముందే పడింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున పై పోస్టు పిలిచింది కానీ గొంతు వేరే. అక్కడి కమాండరు. "మా వైర్‌లెస్ వాడి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కిందికి దించాలి. ఆక్సిజన్ మధ్యాహ్నం వరకే."

హెలికాప్టరు అడిగారు. మబ్బు షెడ్డు రేకులను ముట్టుకుంటోంది, ఏం ఎగురుతుంది? రోడ్డు మీద మోకాలి లోతు మంచు, మధ్యమధ్యన జారిపడ్డ రాళ్ళు. అంబులెన్సు దానంతటది నూరు గజాలు పోలేదు. సుబేదారు సాబ్ నా మొహంలోకి చూశాడు. "ముసలోడు ఎక్కగలడా?"

"ఎక్కుతాడు సాబ్," అన్నాను. ఎక్కకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు కనుక ఇంకో జవాబు లేదు.

ఆరూ నలభైకి కదిలాం. టైర్లకు మంచులో జారకుండా వేసే గొలుసులు. ఆపరేటరు స్టీరింగు దగ్గర, నేను పక్కన మెట్టు మీద నిలబడి, వీపున వైర్‌లెస్. వెనక అంబులెన్సులో డ్రైవరు, నర్సింగ్ అసిస్టెంటు. బ్లేడు దించగానే మంచు లేచి లోయవైపు పొర్లింది. ఎడమపక్క కొండ, కుడిపక్క ఏమీ లేదు. ఎనిమిదింటికి అయిదో కిలోమీటరు. పదింటికి పదకొండు. నా జన్మలో ఏ యంత్రాన్నీ అంతగా బతిమాలుకోలేదు. వాడూ బతిమాలుతున్నాడు. "నడువే తల్లీ, నడువే." ముసలోడు ఆ పూటకు తల్లి అయిపోయాడు.

పై పోస్టును పిలిచి చెప్పాను. "పదకొండు వచ్చాం. అతనికి చెప్పండి."

కాసేపటికి టిక్. ఇంకాసేపటికి టిక్. సెట్టు అతని చేతికిచ్చినట్టున్నారు. ఆపరేటరు పెద్దగా నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర నిటారు ఎత్తు మీద మలుపు. సగం తిరిగాక ఎడమవైపు నుంచి వినబడింది. టక్కు. టక్కుటక్కు.

నా నోరు తెరుచుకోకముందే వాడి చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. ఇంజను ఆగిపోయింది. చుట్టూ నిశ్శబ్దం.

గొలుసు పెట్టె మూత తీసి చూశాను. లింకు ఒక పక్క పగిలింది, ఇంకో పక్క పట్టుకుని ఉంది. మెల్లగా పోతే పోవచ్చు. పోకపోవచ్చు. కానీ ముందు ఇంజను లేవాలి కదా! స్టార్టరు రెండుసార్లు తిరిగి చతికిలబడింది. అంబులెన్సు బ్యాటరీకి వైర్లు కలిపాం. తిరుగుతోంది, అంటుకోవడం లేదు. నా అట్ట వాషరు సందులోంచి గాలి లోపలికి పోయింది.

గాలి తీయాలంటే స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ, నురగ పోయి నిఖార్సయిన డీజిలు వచ్చేదాకా ఆగాలి. చేతితొడుగులతో స్క్రూ దొరకదు. తీసేశాను. వేళ్ళ చర్మం ఇనుముకు అతుక్కుపోయింది. వాడు పంపు కొడుతున్నాడు. నురగ, నురగ, మళ్ళీ నురగ. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచుకోవడం ఎందుకు?

పదకొండున్నరకు పై నుంచి కమాండరు: "ఇక ఆగలేం. స్ట్రెచరు మోసుకుని దిగుతున్నాం."

పన్నెండూ పదికి ఇంజను అంటుకుంది. గంటకు పైగా పోయింది. సగం వేగంతో ఇంకో రెండు కిలోమీటర్లు లాగాం. అక్కడ మబ్బులోంచి వాళ్ళు కనబడ్డారు. ఆరుగురు, నడుం లోతు మంచులో, స్ట్రెచరు భుజాల మీద. ఇద్దరు పడిపోతూ లేస్తున్నారు.

బానెట్ మీది చద్దరు విప్పాను. వెచ్చగా ఉంది. అతని మీద కప్పాను. మొహం మీద ఆక్సిజన్ తొడుగు, కనురెప్పల మీద మంచు. ఇన్నాళ్ళ గొంతుకు ఇదా మొహం అనుకున్నాను. మీసం కూడా సరిగా రాలేదు. ఆపరేటరు వంగి, వచ్చీరాని హిందీలో అన్నాడు. "పై పోస్టు, మేం కింది పోస్టు. రోడ్డు తెచ్చాం."

కళ్ళు తెరవలేదు. చద్దరు ఎర్రంచు పట్టుకున్న బొటనవేలు కదిలింది. ఒకసారి నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

అంబులెన్సు మేం చెక్కిన రోడ్డు మీద దిగిపోయింది. మూడింటికి నర్సింగ్ అసిస్టెంటు గొంతు వైర్‌లెస్‌లో వచ్చింది. "కింది పోస్టు, పేషెంటు ఇక లేడు."

ఆ సాయంత్రం బంకరులో ఎవరూ తినలేదు. ఆపరేటరు నా దగ్గర కూర్చున్నాడు. "అన్నా, నేను ఆపకుంటే అందుకుంటుంటిమా?"

"ఆపుమన్నది నేను. తెగితె నువ్వూ నేనూ అంబులెన్సూ లోయల ఉంటుంటిమి."

"తెగకపోతుండెనేమో?"

పగిలిన లింకును విప్పి ఎన్నోసార్లు చేతిలో తిప్పి చూశాను. ఇంకో మలుపు ఓర్చేదేమో. ఆ మలుపులోనే తెగేదేమో. యంత్రం ఏ బండిదో పట్టుకోగలిగాను కానీ ఇది పట్టుకోలేకపోయాను. పోగు తెగగానే చెయ్యి సాంచను ఆపితే బట్ట దక్కుతుందని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నాం. ఆ చెయ్యిని ఎలా తిట్టను?

వసంతంలో నా పోస్టింగు ముగిసింది. గ్రేడరును తుక్కని రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఆ తర్వాత కొన్నాళ్ళకే పెన్షన్ మీద వచ్చేశాను. ఆపరేటరు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. పెద్దగా ఏమీ మాట్లాడడు. ఫోన్‌లో మా గల్లీ సాంచాల కారఖానా చప్పుడు విని, "నడుస్తున్నయా అన్నా?" అంటాడు. "నడుస్తున్నయి తమ్మీ" అంటాను.

ఇంటికొచ్చిన రోజు బ్యాగు విప్పుతూ నా భార్య అడిగింది. "నయా చద్దర్ పంపిస్తి గదా, ఏది?"

"ఒక పిలగానికి ఇచ్చిన."

"మంచిగ చేసినవ్" అని ఊరుకుంది. ఆమె బీడీలు చుడుతుంది. బీడీ కార్మికులకు కట్టిన కుంభారి కాలనీలో ఆమె పేరు మీద ఇల్లు వచ్చింది. రెండు గదులు, మంచి గాలి. నేను పోనంటున్నాను. మొన్న మళ్ళీ గొడవపడింది.

"ఏంది నీ జిద్దు? గీ గల్లీల రాత్రంత ఖడ్ ఖడ్, ఖడ్ ఖడ్. ఆడ ఎంత శాంతంగ ఉంటది!"

అదే కదా నా బాధ. ఆమెకింకా చెప్పలేదు, మీకు చెబుతున్నాను. ఇక్కడ కరెంటు పోతే వాడకట్టులోని సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దానికి పసిపిల్లలతో సహా గల్లీ అంతా మేల్కొంటుంది. విసుక్కుని పడుకుంటారు. నేను మాత్రం లేచి కూర్చుంటాను. చీకట్లో ఎర్రంచు, దాని మీద బొటనవేలు. ఒకసారి నొక్కుతుంది. ఇంకోసారి నొక్కుతుంది. కరెంటు వచ్చి సాంచాలు కదిలేదాకా "విన్నాను, ఉన్నాను" అని నేనే జవాబు చెబుతూ కూర్చుంటాను.