ఉల్లికాడలకు బైండింగ్ వైరు

విశాఖపట్నం మొత్తం మీద, మేడ మీద బస్తాడు చిన్న ఉల్లిపాయలు పండించిన మొదటి మనిషిని నేనే. దువ్వాడ స్టేషన్ ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఈ మాట చాలాసార్లు చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనాలంటే మా మేడ ఎక్కి చూడాలి, అంత ఓపిక అక్కడ ఎవరికీ లేదు.

ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఎర్రగా కాలిన ఇనుము చూసినవాడికి ఉల్లి మీద మనసెందుకు పోయిందంటే, మా బావ వల్ల. బావంటే మా ఆవిడ అన్న. తగరపువలస అవతల వ్యవసాయం చేస్తాడు. ఎప్పుడొచ్చినా సంచెడు కూరగాయలు గుమ్మంలో దించి, కరేపాకు కూడా కొనుక్కుతినే బతుకులు మీవి అంటాడు. నాకేం బాధలేదు. ఉత్తపుణ్యానికి వచ్చిన వంకాయల వెంట ఒక మాట కూడా వస్తే వచ్చింది. మా ఆవిడకి మాత్రం అది గుచ్చుకుని ఉండిపోయేది.

ఒకసారి చలికాలం మొదట్లో ఫోన్లో అన్నతో అనేసింది, ఈసారి ఉల్లిపాయలు తేవద్దని, మా మేడ మీద పండినవాటితోనే అమ్మ పులుసు వండి పెడతానని. అమ్మ పులుసంటే మా అత్తగారు చేసే బెల్లం పులుసు. చిన్న ఉల్లిపాయల్ని కొయ్యకుండా గుండ్రంగా అలాగే వెయ్యాలి. ఆవిడ పోయాక అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ పులుసు ఊసెత్తలేదు. మా ఆవిడ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. మాది మేనరికం, అందుకని ఈ వయసులో కూడా నాకు ‘నువ్వే’ దక్కుతుంది.

“మేడ మీద బకిట్లలో ఉల్లి ఎయ్యి. నా పరువు ఇక ఆ బకిట్లలోనే ఉన్నాది బావా. సూసుకో.”

పెయింటు బకెట్లు ఎనిమిది సంపాదించి, అడుగున చిల్లులు పెట్టి, మట్టీ పెంటా నింపాను. బజారులో గట్టి పాయలు ఏరి తెచ్చి, యంత్రాల కింద బోల్టులు దింపినట్టు జానెడు లోతున దించేశాను. మా ఆవిడ చూసి, ముక్కు పైకుండాలి, మెడ మట్టి బయటికి కనపడాలి అని అన్నీ పీకించి మళ్లీ నాటించింది. నాకు రోషం వచ్చింది. ఇకమీదట మేడ నా డిపార్ట్‌మెంటు, కింద నీది అని చెప్పేశాను.

వారం తిరక్కుండా పచ్చటి మొనలు లేచాయి. ఒక్కో పాయకి నాలుగైదు పిలకలు. రోజూ పొద్దున్నే కాడల మీద పడ్డ నల్ల దుమ్ముని తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. టీ కొట్టులో బస్తా లెక్క మొదలైంది అప్పుడే.

శివరాత్రి దగ్గరపడుతుండగా ఒక పొద్దున చూస్తే, రెండు కాడలు మెడ దగ్గర విరిగినట్టు పక్కకి పడుకున్నాయి. మర్నాటికి సగం పడిపోయాయి. మా ఆవిడని అడగొచ్చు. కానీ డిపార్ట్‌మెంటు నాదని ఒకసారి అనేశాక ఎలా అడుగుతాం? కింది వాటాలో నాలాగే రిటైరైన క్రేను ఆపరేటరు ఉన్నాడు. ఆయన్ని పైకి పిలిచాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, గాలి లోడు ఎక్కువైంది, సపోర్టు లేదు అని తేల్చాడు. ఉక్కు మనుషులకి వాలిపోయింది ఏది కనిపించినా చేతులు ఊరుకోవు. ఇంటి స్లాబు నాటి చువ్వముక్కలు మిగిలి ఉంటే బకెట్లలో పాతి, కాడలన్నీ చువ్వలు కట్టే బైండింగ్ వైరుతో బిగించాం. నిటారుగా ఉన్నాయా లేదా అని తాపీమేస్త్రీల గుండుదారం వేలాడదీసి మరీ చూశాం. పాపం దాహమేమో అని రెండు పూటలా పైపుతో నీళ్లు కొట్టాను.

బావ ఆదివారం వస్తానన్నాడు. శనివారం పొద్దున ఒక పాయ పీకితే చేతిలో జావలా నలిగింది. ఇంకోటి పీకాను. అదీ అంతే. కంపు. అప్పుడు నాకు ఉల్లిపాయలు కనపడలేదు, అన్న ముందు తల దించుకుని నిలబడ్డ మా ఆవిడ కనపడింది.

అప్పుడు చేసిన పని రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. గాజువాక వెళ్లి కిలో చిన్న ఉల్లిపాయలు కొని, కుళ్లినవి తీసేసి, వైరుకి వేలాడుతున్న కాడల కింద ఒక్కొక్కటీ పూడ్చాను.

బావ వస్తూనే నేరుగా మేడెక్కాడు. వైరు చూశాడు. చువ్వలు చూశాడు.

“ఏటి బావా ఇది?”

“సపోర్టు.”

“ఉల్లికి?”

వంగి ఒక మొక్క పట్టి లాగాడు. కాడ ఒక చేతిలోకి వచ్చింది. పాయని మట్టిలోంచి రెండో చేత్తో తీశాడు. పొడి పొట్టు, కత్తిరించిన మెడ, ఒక్క వేరు లేదు. హైబ్రిడ్ అన్నాను. ఆయన నవ్వలేదు.

“కాడ పడిపోనాదంటే పంటకొచ్చినట్టు బావా. అప్పుడు నీల్లు ఆపెయ్యాల. నువ్వు దానికి ఉరేసి, నోట్లో నీల్లు పోసినావు.”

ఇక దాచలేదు. జరిగింది చెప్పి, నన్నేమన్నా పడతాను, నీ చెల్లెలి మాట మాత్రం పోనివ్వకు అని చెయ్యి పట్టుకున్నాను. ఆయన చేతులు కడుక్కోవడానికి నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి, అక్కణ్ణించి పిలిచాడు. అక్కడ నా ఎనిమిదో బకెట్టు. వైరు లేదు, తడి లేదు. కాడలు ఎండి నేలకి వాలిపోయాయి. కింద గుత్తులు గుత్తులుగా పాయలు, మట్టిని తోసుకుని భుజాలు బయటపెట్టి ఉన్నాయి. ఎప్పుడో అక్కడ పెట్టి మరిచిపోయి ఉంటాను.

ముప్పై పాయల దాకా దిగాయి. బస్తా అన్నాను కదా. బస్తా ఉన్న మాట నిజమే, మట్టి మోసుకొచ్చింది అందులోనే.

పులుసులో పాయ ఒకటి నోట్లో పెట్టుకుని బావ కాసేపు నమలడం ఆపేశాడు. అమ్మ పులుసే అన్నాడు. మళ్లీ వేయించుకున్నాడు. వెళ్తూ, విత్తనానికి నాలుగు పాయలుంటే ఇమ్మని చెల్లెల్ని అడిగి తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. మా ఆవిడ ఆ సాయంత్రమంతా తలెత్తుకుని, పట్టపురాణిలా చాలా నెమ్మదిగా నడిచింది.

ఇదంతా రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. నా మతిమరుపు కూడా నీ పరువు నిలబెట్టింది చూశావా అన్నాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, తలెత్తకుండా చెప్పింది.

“నువ్వు మర్సిపోనేదు. నువ్వు టీకెల్లినప్పుడు నాను పైకెల్లి, వైరు ఇప్పేసి, ఆ ఒక్క బకిట్టూ ట్యాంకు ఎనకాల దాసినాను. సెప్తే ఇనవు కదా.”