అద్దాల బీరువాలో స్విచ్

ఈ రోజు వార్త కోసం మలక్‌పేటలోని ఒక నెట్‌వర్కింగ్ శిక్షణ కేంద్రానికి వెళ్లాను. ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ ఒకటి అక్కడ అద్దాల బీరువాలో, కుంకుమబొట్లతో ఉంది. సైదాబాద్ నుంచి వచ్చే విద్యార్థిని సుజాత అక్కడ ఆరు నెలలు నేర్చుకున్నదంతా తెర మీది బొమ్మలతోనే. పొద్దున ఇంటర్వ్యూలో అసలు స్విచ్ ముందు పెడితే, ఏ కేబుల్ ఏ పోర్టులో పెట్టాలో తెలియక వెనక్కి వచ్చింది.

"సార్, ఎల్లుండి ఇంకో ఇంటర్వ్యూ ఉంది. గా స్విచ్ ఒక్కసారి తీయుండ్రి, చేత్తోని చేసి చూస్త" అంది.

"ఖరాబైతే ఎవరు జిమ్మేదార్ బిడ్డా? దసరాకు పూజ కోసం తీస్తం గదా, అప్పుడు రా" అన్నాడు యజమాని.

సుజాత అద్దం మీద చెయ్యి ఆనించి, పోర్టులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది. దసరాకు ఇంకా నాలుగు నెలలున్నాయి. సర్టిఫికెట్ మాత్రం పోయిన వారమే ఇచ్చేశారు.

మీలో ఎవరి దగ్గరైనా పాత స్విచ్ ఉంటే, ఎల్లుండి దాకా సుజాతకు ఇస్తారా?