వాగు ఏదని అడిగిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుందట. కోడలు టిఫిన్‌కు పిలవడానికి వచ్చేసరికే ప్రాణం పోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసు దారిలో ఉన్నాను. బండి వెనక్కి తిప్పాను.

పెద్దమ్మ అంటున్నాను గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు. మాది కృష్ణా జిల్లా. మా ఆయనకు పటాన్‌చెరులో ఉద్యోగం వచ్చాక పటేల్‌గూడలో ఆమె ఇంటి పైవాటాలో అద్దెకు దిగాం. మొదటి రోజు నేను "ఓనర్ గారూ" అని పిలిస్తే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఓనర్ ఏంది బిడ్డా, ఠాణాల పిలిచినట్టు! పెద్దమ్మ అను."

అప్పటి నుంచి పెద్దమ్మే. ఆమె వయసెంతో ఆమెకే సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "కంపెనీలు రాకముందు కాపురానికొచ్చిన" అనేది. బడి ముఖం చూడలేదు. మనవరాలు నేర్పితే సంతకం పెట్టడం వచ్చింది.

ఆ రోజుల్లో మా ఆఫీసులో నాకిచ్చిన పని అమెరికాలోని ఒక చిన్న ఊరి పాత పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఆ ఊరి చరిత్ర, భూగోళం, జనాభా వివరాలతో ఒక ఫైలు కూడా ఇచ్చారు. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో నేను మేడ మెట్ల దగ్గర కూర్చునేదాన్ని. పెద్దమ్మ చిక్కుడుకాయల చాట పట్టుకుని వచ్చి కింది మెట్టు మీద కూర్చునేది.

"ఏం బిడ్డా, ఇయ్యాల మీ అమెరికా ఊర్ల ఏమైంది?"

నేను ఫైల్లో ఉన్నది చెప్పేదాన్ని. నది ఒడ్డున ఒక పిండిమర పెట్టారు. దాని చుట్టూ నాలుగిళ్లు వెలిశాయి. తర్వాత రైలు వచ్చింది, బూట్ల ఫ్యాక్టరీ వచ్చింది, ఊరు పెరిగింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక జనాభా తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు అక్కడున్న జనం ఎంతమందో చెబితే ఆమెకు నవ్వొచ్చింది.

"గంతేనా? మన వారం అంగడికి గంతకన్న ఎక్కువ వస్తరు."

కాసేపు కాయలు ఒలిచి మళ్లీ అడిగింది. "కంపెనీ మూసినంక పోయినోళ్లు యాడికి పోయిండ్రు?"

ఫైల్లో అది లేదు. అంకె తగ్గిందని మాత్రమే ఉంది. ఆ మాటే చెప్పాను. ఆమెకు నచ్చలేదు. "మనుషులు పోయినంక యాడికి పోయిండ్రో ఒకలన్న రాయాలె గదా" అంది. మన దగ్గర ఒక కంపెనీ మూతపడినప్పుడు ఆమె ఇంట్లో అద్దెకున్న వాళ్లు ఎవరెవరు ఏ ఊరు చేరారో వరసగా చెప్పింది. బీహార్ నుంచి వచ్చిన వెల్డర్‌తో సహా అందరూ ఆమెకు గుర్తే.

ఒకరోజు నా ల్యాప్‌టాప్ మీద ఆ ఊరి పటం చూసింది. ఇళ్లన్నీ గీత గీసినట్టు వరసలుగా ఉన్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం ఇళ్ల వరస వంకర తిరిగి, పక్కన సన్నని జాగా ఖాళీగా ఉంది. ఖాళీ స్థలమని గుర్తు పెట్టబోతున్నాను.

"ఆగు బిడ్డా. గీడ వాగుంటది" అంది.

"పటంలో ఏమీ లేదు పెద్దమ్మా."

"రాయకుంటే లేనట్టా? సక్కగ కట్టేటోళ్లు గీడనే ఎందుకు జరిగిండ్రు? ఊరి సంగతి కావాలంటే ముందుగాల నీళ్ల సంగతి అడగాలె."

అనుమానంగానే ఆఫీసు వాళ్లకు ప్రశ్న పంపాను. వారం తర్వాత అవతలి నుంచి జవాబొచ్చింది. అక్కడ ఒకప్పుడు వాగు ఉండేది, తర్వాత దాన్ని భూమి లోపల తూముల్లోకి మళ్లించారు. మా మేనేజరు మెచ్చుకున్నారు. కనిపెట్టింది మా పెద్దమ్మ అంటే, ఆవిడ ఎక్కడ పని చేస్తారని అడిగారు.

ఆ ఏడాదే మేము స్థలం కొనాలనుకున్నాం. పెద్దమ్మ మరిది అప్పటికి ప్లాట్ల వ్యాపారంలో ఉన్నాడు. అమీన్‌పూర్ వైపు పల్లంలో ఉన్న ఒక ప్లాటు మాకు చూపించాడు. అది వాళ్ల కుటుంబానిదే. మాకు నచ్చింది. బయానా ఇద్దామనుకున్న రోజు ఆయన లేఅవుట్ కాగితం తెచ్చి మెట్ల మీద పరిచాడు. పెద్దమ్మ వంగి చూసింది.

"ఏందయ్యా, గీండ్ల వాగేది?"

"ఇప్పుడు వాగేడిది వదినా? ఎండిపోయి ఎన్నేండ్లాయె. నువ్వు జెర ఊకో."

"ఎండింది గని పోలే. అమెరికా ఊర్ల వాగును ఈ పిల్ల ఈడ కూసొని పటంలకెక్కిచ్చింది. మన వాగును నువ్వు ఈడనే ఉండి మాయం చేస్తవా?"

ఆయన ముఖం ఎర్రబడింది. కాగితం చుట్టేసి వెళ్లిపోయాడు. మేము ఆ ప్లాటు కొనలేదు. ఆయన ఆమెతో మాటలు మానేశాడు. కూతురి పెళ్లికి ఊరందరినీ పిలిచి వదినను మాత్రం పిలవలేదు. పెళ్లినాడు బ్యాండు మా వీధి మీదుగానే వెళ్లింది. పెద్దమ్మ లోపలే కూర్చుని, చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరింది. నాకు తప్పు చేసినట్టనిపించి దగ్గరికి వెళ్లాను.

"మా వల్లే కదా పెద్దమ్మా!"

"నీ వల్ల ఏంది? నోరు నాది. కోపం ఆయనది. దిగుతది."

రెండేళ్ల తర్వాత వానలు గట్టిగా పడ్డాయి. ఆ పల్లంలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. అక్కడ స్థలం కొన్నవాళ్లు ఇద్దరు. ఇంకా పునాదులు తియ్యలేదు కాబట్టి సరిపోయింది. నాలుగో రోజు మరిది తడిసిన బట్టలతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పెద్దమ్మ తువ్వాలు ఇచ్చింది, టీ పెట్టించింది. వాగు మాట ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

"ఇప్పుడేం చెయ్యాలె వదినా?"

"మిట్ట మీద మనకు జాగా ఉన్నది. వాళ్లిద్దరికి గా జాగ చూపెట్టు. వాగు జాగ వాగుకిడువు."

ఆయన అలాగే చేశాడు. మేము కూడా ఆ మిట్ట మీదే ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి వదినా మరుదులు ఒకే ఆటోలో దిగారు.

ఈ వానాకాలం ఒక సాయంత్రం పెద్దమ్మ మా మేడ ఎక్కింది. మోకాళ్ల నొప్పికి మధ్యలో రెండుసార్లు ఆగింది. ఎదురుగా కొత్త అపార్టుమెంట్లు. మా పాపను పక్కన నిలబెట్టుకుని, చెయ్యి చాపి ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టింది. "గదిగో మా కందిచేను. గా నీలం బిల్డింగున్న కాడ జొన్నలేసేటోళ్లం. గా లిఫ్టున్న కాడ మా బర్రె ఈనింది." బర్రె మాటకు పాప పగలబడి నవ్వింది. అవతల ఆరో అంతస్తు బాల్కనీలో ఎవరో ఆవిడ ఆరిన బట్టలు తీస్తోంది. ఈ చాపిన చెయ్యి తన కోసమే అనుకుందేమో, చీర భుజాన వేసుకుని తనూ చెయ్యి ఊపింది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి, తర్వాత చెయ్యి ఇంకా పైకెత్తి ఊపింది.