న్యూట్రల్‌లో దిగిన కొండ

మా ఆయనకి హైదరాబాద్‌లో పదేళ్లు కారు నడిపిన అనుభవం ఉంది. ఆ సంగతి ఆయన మర్చిపోడు, మమ్మల్నీ మర్చిపోనివ్వడు. జర్మనీ లైసెన్సు పరీక్షకి యాప్‌లో ప్రశ్నలన్నీ బట్టీ పట్టి ఒక్క దెబ్బకి పాసయ్యాడు. పాసైన మర్నాడే అవన్నీ బుర్రలోంచి దులిపేసుకున్నాడని నా అనుమానం. నేనేమో అప్పటికింకా మ్యూనిక్‌లో ఫార్‌షూలేకి వెళ్లి డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. స్టీరింగు పట్టుకుంటే చాలు, అరచేతులకి చెమటలు పట్టేవి.

ఆ వేసవిలో ఒక శనివారం కారు అద్దెకి తీసుకుని, ఆల్ప్స్ చూద్దామని బెర్ఖ్‌టెస్‌గాడెన్ వైపు బయల్దేరాం. వెనక సీట్లో మా ఐదేళ్ల అమ్మాయి, దాని పక్కన పులిహోర డబ్బా. కొండ ఎక్కినంతసేపూ బాగానే ఉంది. పైన ఆగి పులిహోర తిన్నాం, మంచు శిఖరాలు వెనక కనిపించేలా ఫొటోలు దిగాం. కింద లోయలో ఇళ్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అంత ఎత్తుకి వచ్చామా అని ముచ్చటపడ్డాను కూడా.

దిగడం మొదలుపెట్టిన కాసేపటికి ఇంజన్ చప్పుడు తగ్గిపోయింది. చూస్తే గేరు న్యూట్రల్‌లో ఉంది.

"గట్ల ఎందుకు పెట్టినవ్?" అన్నాను.

"డౌన్‌ల బండి దానంతట అదే పోతది. పెట్రోల్ ఎందుకు దండుగ?" అన్నాడు.

మావాళ్లలో చాలామందికి ఈ అలవాటుంది. ఈయన హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ దిగేటప్పుడు కూడా ఇదే పని చేసేవాడు. ఫ్లైఓవర్ ఇట్టే అయిపోతుంది. ఈ కొండ అయిపోవడం లేదు.

దిగేటప్పుడు చిన్న గేరులో ఉండాలని, అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుందని ఫార్‌షూలేలో చెప్పారు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. లైసెన్సు లేనిదాన్ని, నేనేం చెప్పినా "నువ్వు నాకు నేర్పుతవా?" అంటాడు. ఇక ఇల్లు చేరేదాకా మూతి ముడుచుకునే ఉంటాడు. అందుకని తలుపు పైనున్న పిడి పట్టుకుని మాట్లాడకుండా కూర్చున్నాను.

మలుపు మలుపుకీ ఆయన బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి ఏదో కాలుతున్న వాసన మొదలైంది. బయటి నుంచి వస్తోందేమో అనుకుని అద్దం ఎత్తాను. వాసన పోలేదు.

"బ్రేక్ మెత్తగయింది," అన్నాడు మెల్లగా. ఆయన గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు.

నా వైపు రోడ్డు అంచున సన్నటి ఇనుప కడ్డీ ఉంది. దాని అవతల పైన్ చెట్ల కొసలు మాత్రమే కనిపిస్తున్నాయి, మొదళ్లు ఎక్కడో కిందున్నాయి. ఎదురుగా ఒక బస్సు ఎక్కి వస్తోంది. మా కారు వేగం తగ్గడం లేదు.

"ష్నెల్లర్, పాపా!" అని వెనక నుంచి చప్పట్లు కొట్టింది మా అమ్మాయి. నాన్నని ఇంకా వేగంగా పొమ్మంటోంది. దానికి ఇదంతా జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టుంది. ఇంతసేపూ నేను ఆ లోయ కన్నా మా ఆయన అలకకే ఎక్కువ భయపడ్డానని అప్పుడు తెలిసింది.

"గేర్ వెయ్," అన్నాను.

"ఏ గేర్?"

పదేళ్ల అనుభవం నన్ను అడిగింది.

"మూడు వెయ్. జర తగ్గినంక రెండు."

చెప్పానే గానీ, కొండ మీద ఒక్కసారైనా నడిపినదాన్ని కాదు. తప్పు చెప్పి ముగ్గురినీ చంపుతున్నానేమో అనిపించింది. గేరు పడగానే ఇంజన్ గట్టిగా అరిచింది, కారు ఒక్క కుదుపు కుదిపింది. బస్సు మమ్మల్ని రాసుకున్నంత పనిచేసి దాటిపోయింది. రెండో గేరు పడ్డాక వేగం తగ్గింది. మలుపు అవతల కాస్త ఖాళీ స్థలం కనిపిస్తే, హ్యాండ్ బ్రేకు లాగి అక్కడ ఆపాడు.

ముందు చక్రాల నుంచి పొగ వస్తోంది. ఆయన దిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు వంగి నిలబడ్డాడు. నేను వెనక్కి వెళ్లి పిల్లని గట్టిగా హత్తుకున్నాను. ఊపిరాడట్లేదని అది గింజుకుంది.

పొగ ఆగింది, చక్రాలు చల్లబడ్డాయి. కానీ లోయలో ఇళ్లు ఇంకా చిన్నగానే ఉన్నాయి. సగం కొండ మిగిలే ఉంది.

"ఇగ రెండో గేర్‌లనే పోదాం," అన్నాను. ఆయన తలూపి బండి తీశాడు. వెనక కార్లు బారులు తీరినా నేను పట్టించుకోలేదు. గేరు మీదున్న ఆయన చేతి మీద నా చెయ్యి వేసి ఉంచాను. ఆయన నావైపు చూసి, కళ్లు చెమర్చి, కొంచెం నవ్వాడు. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం. మళ్లీ న్యూట్రల్ చేస్తాడేమోనని నా భయం.